ఒక్క చేత్తో పట్టుకునే పుస్తకం చెప్పండి

జీడితోట – ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మాది పలాస దగ్గర పల్లె. మా నాన్నకి 62 ఏళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఉద్దానంలో ఇది కొత్త సంగతేం కాదు, మా వీధిలోనే ఇంకో ఇద్దరున్నారు. అందుకని జాలి పడకండి, పుస్తకం పేరు చెప్పండి చాలు.

ఇబ్బంది ఏమిటంటే, ఎడం చేతికి సూదులుంటాయి, కదపకూడదు. ఖాళీగా ఉండేది కుడి చెయ్యొక్కటే. ఫోన్ ఇస్తే పది నిమిషాలు చూసి "ఎవడో అరుస్తన్నాడమ్మా, తీసీ" అంటారు. చదువుకున్నది ఏడో తరగతి వరకే. పేపరు మాత్రం తేదీ దగ్గర్నుంచి టెండరు ప్రకటనల దాకా వదలరు. ఏదైనా తెలుసుకోవాలని మహా ఆత్రం. పక్క మంచం ఆయనతో జీడిపిక్కల ధర దగ్గర మొదలెట్టి చంద్రుడి మీద నీళ్లున్నాయా అనే దాకా వెళ్తారు. కుక్కలంటే ప్రాణం. కోర్టు కబుర్లన్నా, పాత రాజుల గొడవలన్నా చెవి అటే.

పోయిన వారం అందరూ గొప్పదంటే నమ్మి గట్టి అట్ట ఉన్న పెద్ద నవల పట్టుకెళ్లాను. ఛాతీ మీద ఆనించుకుని చదువుతూ నిద్రపోయారు. అది కింద పడింది, వార్డంతా ఉలిక్కిపడింది. సిస్టరు నన్నూ ఆయన్నీ కలిపి తిట్టారు. "ఇదేటమ్మా, ఇటుకా?" అన్నారు నాన్న.

1,500 రూపాయల లోపు, నాలుగైదు పుస్తకాలు, రకరకాలవి. జబ్బుల కథలు మాత్రం వద్దు.

గంటస్తంభం – ఆదివారం రాత్రి 9:58

అమ్మా, నేను విజయనగరంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ముందు కన్యాశుల్కం. మన ఊళ్లో 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేది ఆ 1909 ప్రతి. మీ నాన్నగారికి కోర్టు కబుర్లు ఇష్టమన్నారు కదా, అందులో కేసులున్నాయి, వకీళ్లున్నారు, దొంగసాక్ష్యాలున్నాయి. భాష మన భాషే. మా ఇంట్లో ఇప్పటికీ ఎవడైనా కోతలు కోస్తే గిరీశం అనే పిలుస్తాం.

దాని తర్వాత చాసో, అంటే చాగంటి సోమయాజులు గారి కథలు. ఆయనా విజయనగరం వారే. ఎక్కువ రాయలేదు, రాసినవి కురచ. ఒక్క మాట తీసేస్తే కథ కుంటుతుంది. ఇవి రెండూ చదివితే మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

బొబ్బిలివీణ – ఆదివారం రాత్రి 10:20

మాస్టారూ, ఒక్క చేత్తో అని ఆవిడ శీర్షికలోనే చెప్పారు. కన్యాశుల్కం ఏడంకాల నాటకం. మా ఇంట్లో ఉన్న ప్రతి దిండు కింద పెడితే దిండు లేస్తుంది. పైగా నాటకం చదవడం అలవాటు లేనివాళ్లకి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియడానికే రెండు రోజులు పడుతుంది.

జీడితోట గారూ, కుక్కలంటే ఇష్టమన్నారు. రచయిత కె.ఎన్.వై. పతంజలి 'వీరబొబ్బిలి' ఇవ్వండి. పేరు చూసి తాండ్ర పాపారాయుడు అనుకునేరు, అది రాజుగారింట్లో కుక్క పేరు. 1757 యుద్ధం మా బొబ్బిలివాళ్లకి కన్నీళ్ల కథ. దాని పేరు ఒక కుక్కకి పెట్టి నవ్వించగలిగినవాడు ఆయనొక్కడే. పౌరుషం మీసాల్లోనూ కబుర్లలోనూ మాత్రమే మిగిలిన రాజులు, వాళ్ల లోగిళ్లు. పతంజలిది అలమండ. వైజాగ్ వెళ్లేటప్పుడు రైలు ఆ స్టేషన్ దాటుతుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, పక్కవాళ్లు వింతగా చూస్తారు. అది నచ్చితే 'గోపాత్రుడు'. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని ఊరు ఊరంతా కొట్టుకునే కథ.

పుస్తకప్రియ_2 – ఆదివారం రాత్రి 10:31

తెలుగులో తప్పక చదవాల్సిన 30 పుస్తకాల జాబితా నా దగ్గరుంది. మొత్తం పెడుతున్నాను, కాపీ చేసుకోండి.

[జాబితా పొడవు వల్ల కుదించబడింది]

రాత్రిపాసింజర్ – ఆదివారం రాత్రి 10:40

వీటిలో మీరు చదివినవెన్ని?

పుస్తకప్రియ_2 – ఆదివారం రాత్రి 10:44

నాలుగు. ఐదోది సగంలో ఉంది.

రాత్రిపాసింజర్ – ఆదివారం రాత్రి 11:15

అయితే ఆ నాలుగూ చెప్పండి బాబూ, 26 ఎందుకు మోయడం.

జీడితోట గారూ, నాది రైల్వే ఉద్యోగం. మెలకువగా ఉండాల్సిన రాత్రుళ్లు నాకు అలవాటు. అలాంటప్పుడు గొప్ప పుస్తకం పనిచెయ్యదండి. తర్వాత ఏమవుతుందో అని పేజీ తిప్పించేది కావాలి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు చూడండి. యుగంధర్ అని మద్రాసు డిటెక్టివు, రాజు అని అసిస్టెంటు. ఓ కారు, ఓ శవం, ఇక మనం గడియారం చూడం. పాత కాపీలు చేతిలో ఇమిడిపోతాయి, బరువుండవు. పాత పుస్తకాల వాళ్ల దగ్గర దొరికితే చివరి పేజీలున్నాయో లేదో చూసి కొనండి. నేనోసారి చూడకుండా కొన్నాను. హంతకుడెవరో తెలియకుండానే మూడేళ్లు బతికాను.

గంటస్తంభం – సోమవారం ఉదయం 6:05

డిటెక్టివ్ నవలలు కాలక్షేపం. కొత్తగా చదవబోయే మనిషికి మొదటే చిరుతిండి అలవాటు చేస్తే భోజనం దిగదు.

రాత్రిపాసింజర్ – సోమవారం ఉదయం 6:20

మాస్టారూ, ఆవిడ అడిగిందే నాలుగు గంటల కాలక్షేపం. పెద్దవారు, ఏమీ అనలేను. కానీ నేను కన్యాశుల్కం చదివింది నలభై ఏళ్లొచ్చాక. అప్పటికి యుగంధర్ నాచేత రెండు వందల పుస్తకాలు చదివించి ఉంటాడు. పదో తరగతిలో నాన్‌డిటైల్డ్ నాచేత ఒక్కటీ చదివించలేదు.

నాగావళిగట్టు – సోమవారం ఉదయం 8:30

మీ ఇద్దరి గొడవా బాగానే ఉంది గానీ, నేను బరువు సంగతి మాట్లాడతాను.

మాది శ్రీకాకుళం టౌను. 1997లో కారా మాస్టారు, అంటే కథకులు కాళీపట్నం రామారావు గారు, ఇక్కడ కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలని ఆయన పంతం. నేను డిగ్రీ చదివేటప్పుడు చూశాను, పాత వారపత్రికలు ఎంత జాగ్రత్తగా దాచారో. చాలా కథల్ని స్కాన్ చేసి వాళ్ల వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు. మీరు పుస్తకమే కొనాలని ఏముంది? ఒక్కో కథనీ విడిగా ప్రింటు తీయించండి. అక్షరం పెద్దది చేయించి, కాయితాన్ని మధ్యకి మడిచి రెండు పిన్నులు కొట్టించండి. ఎనిమిది పేజీలు, విసనకర్ర కంటే తేలిక. నిద్రలో చెయ్యి జారినా చప్పుడుండదు. అయిపోయాక పక్క మంచానికి పంపించొచ్చు. మా అమ్మ కంటి ఆపరేషన్ తర్వాత నేను చేసింది ఇదే.

కారా మాస్టారి కథలు ఇస్తే మాత్రం 'యజ్ఞం'తో మొదలెట్టకండి. 1964లో వచ్చిన కథ, అప్పు గురించీ ఊరి తగువు గురించీ. జీడితోట ఉన్న రైతుకి అందులో ప్రతి లెక్కా తెలుసు. తెలుసు కాబట్టే మంచం మీద వద్దంటున్నాను. ఆ ముగింపు చదివాక నేను ఆ పూట అన్నం తినలేదు. ఇంటి దగ్గర, వంట్లో బాగున్న రోజున, ఆయనే అడిగితే ఇవ్వండి.

సిరిమాను – సోమవారం ఉదయం 9:10

మన జిల్లాల పేరెత్తగానే కష్టం, ఆకలి, ఉద్యమం తప్ప ఇంకోటి చెప్పరా ఎవరూ? పైడితల్లి పండక్కి వచ్చే జనం కూడా మనవాళ్లే కదా, వాళ్లు నవ్వరా?

బొబ్బిలివీణ – సోమవారం ఉదయం 9:14

అందుకే కదా పతంజలి పేరు చెప్పాను. పైన చూడండి.

డ్యూటీనర్సు – సోమవారం మధ్యాహ్నం 2:45

నేను పనిచేసేది డయాలసిస్ యూనిట్‌లోనే, వేరే ఊళ్లో. పుస్తకాల గురించి నాకంత తెలీదు గానీ కొన్ని చెప్పాలి.

మొదటి రెండు గంటలు చాలామంది బాగానే ఉంటారు. మూడో గంట దాటాక కొందరికి బీపీ పడిపోతుంది, తల తిరుగుతుంది, అక్షరాలు అల్లుకుపోతాయి. అప్పుడు చదవమని బలవంతం చేయకండి. తల తిరుగుతోందంటే ముందు స్టాఫ్‌కి చెప్పండి. బాగానే ఉండి కళ్లు మాత్రం అలిసిపోతే మీరు చదివి వినిపించండి. పొడుగు అధ్యాయాలైతే అక్కడ తెగిపోతాయి, మళ్లీ వచ్చిన రోజుకి ముందు సంగతి గుర్తుండదు. చిన్నవైతేనే నయం. పాత పుస్తకాల దుమ్ము దులిపి, అట్ట శుభ్రంగా తుడిచి తేవాలి. నవ్వించే పుస్తకం మంచిదే, మా పేషెంట్లు నవ్వితే మాకూ హాయి. కాకపోతే సూదులున్న చెయ్యి ఊగకుండా నవ్వమని చెప్పండి. వీరబొబ్బిలి అంటున్నారు కాబట్టి ముందే హెచ్చరిస్తున్నాను (నేనూ చదివాను లెండి, అదొక్కటే).

జీడితోట – సోమవారం రాత్రి 8:50

డ్యూటీనర్సు గారూ, ఈ మాటలు ముందే తెలిసుంటే ఇటుక పట్టుకెళ్లేదాన్ని కాదు. ఆయన మూడో గంట తర్వాత విసుక్కుంటుంటే నా మీద కోపం అనుకున్నాను ఇన్నాళ్లూ.

నాగావళిగట్టు గారి పిన్నుల ఐడియా నచ్చింది. మా సెంటర్‌లో జిరాక్స్ తీసే అబ్బాయికి చెప్పాను, ఎన్ని పేజీలైనా మడిచి ఇస్తానన్నాడు.

చంద్రుడి ప్రశ్నలకి ఏదైనా చెప్పండి. నిన్న ఆయన అడిగింది: "సూర్యుడిలో మంట ఉంటే గాలి ఎక్కడిదమ్మా?" నేను కామర్స్.

లెక్కలపంతులు – సోమవారం రాత్రి 9:35

అబ్బ, ఎంత మంచి ప్రశ్న! మా తొమ్మిదో తరగతిలో ఏ ఒక్కడూ అడగలేదు. సూర్యుడిలో ఉన్నది మన పొయ్యిలో మంట లాంటిది కాదు. హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి హీలియం అవుతాయి, అందులోంచి వేడీ వెలుగూ వస్తాయి. దానికి గాలితో పని లేదు. ఈ మాట ఆయనకి నా పేరున చెప్పండి.

పుస్తకమైతే నండూరి రామమోహనరావు 'విశ్వరూపం'. ఆయన పత్రికా సంపాదకుడు, అందుకే పేపరు చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యేలా రాశారు. నక్షత్రాలు, గ్రహాలు, వాటి దూరాలు మనం ఎలా కనుక్కున్నాం, అన్నీ కథలా ఉంటాయి. మనిషి పుట్టుక గురించి కావాలంటే ఆయనదే 'నరావతారం'. ఒక జాగ్రత్త. ఇవి పాత పుస్తకాలు. 2006లో శాస్త్రవేత్తలు ప్లూటోని గ్రహాల లెక్కలోంచి తీసేశారు, అంతకుముందు రాసిన పుస్తకాల్లో తొమ్మిది గ్రహాలే ఉంటాయి. చంద్రుడి మీద నీళ్ల ఆనవాళ్లు మన చంద్రయాన్-1 సమాచారంలో కనిపించాయని 2009లో చెప్పారు. అదీ వీటిలో దొరకదు. ఆ రెండూ మీరు నోటితో చెప్పేయండి. పుస్తకంలో తప్పు పట్టుకోవడం కొత్త పాఠకుడికి భలే సరదా. నేను క్లాసులో కావాలనే వదిలేస్తుంటాను (నిజంగా పొరబాటు చేసినప్పుడు కూడా ఇదే చెబుతాను).

సిరిమాను – సోమవారం రాత్రి 9:50

దారి మళ్లిస్తున్నానని అనుకోకండి. మా మేనకోడలు ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఏమివ్వాలి?

లెక్కలపంతులు – సోమవారం రాత్రి 9:58

'రైలుబడి'. జపాన్ పిల్ల తొత్తోచాన్ కథ, పాత రైలు పెట్టెల్లో నడిచే బడి. మొదటి అధ్యాయం మీరు చదివి వినిపించి, మంచి చోట ఆపి, పనుందని లేచిపోండి.

పొందూరుకోడలు – మంగళవారం ఉదయం 11:25

ఎవరూ యాత్రల సంగతి ఎత్తలేదు. నాలుగు గంటలు ఒక్కచోట కదలకుండా ఉండే మనిషికి తిరిగే పుస్తకం కదా ఇవ్వాలి!

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు కోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పే పని, చేసినాయన. 1830 మే నెలలో పల్లకీలు, బోయీలు, పరివారంతో బయల్దేరి హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లాడు. కలకత్తా, జగన్నాథం చూసుకుని మన కోస్తా దారినే దిగి 1831 సెప్టెంబరులో ఇంటికి చేరాడు. 15 నెలలు దాటిన ప్రయాణం. ఏ మజిలీలో సత్రం ఉంది, ఏ ఊళ్లో బియ్యం దొరుకుతాయి, ఏ ఏటికి పడవ ఉంది, ఎవరు మోసం చేశారు, అన్నీ రాసుకున్నాడు. చదువుతుంటే మనమూ ఆ పల్లకీ వెనకాల నడుస్తున్నట్టుంటుంది. ఏ రోజుకి ఆ రోజు రాసుకున్నది కాబట్టి ఎక్కడ ఆపినా ఫర్వాలేదు.

భాష పాతది, అది మాత్రం దాచను. మా అత్తయ్యకి రాత్రిళ్లు రెండేసి పేజీలు చదివి వినిపించాను. అర్థం కానిచోట ఆవిడే నాకు చెప్పారు! మనవైపు ఊళ్లు వచ్చే భాగం చేరాక ఆవిడ పడుకోనివ్వలేదు. మీరు చివర్నుంచి మొదలెట్టండి, తిరుగు ప్రయాణం నుంచి. తెలిసిన ఊళ్లు దాటుకుంటూ వెళ్తే తెలియని ఊళ్ల మీద ఆశ పుడుతుంది.

వంటల పుస్తకం కూడా ఒకటి పెట్టమందును, మాలతీ చందూర్‌ది. కానీ డయాలసిస్ వాళ్లకి ఉప్పు కట్టడి, నీళ్లు కట్టడి. ఆవకాయ పేజీ చూపించి ఏడిపించడం అవుతుంది.

గంటస్తంభం – మంగళవారం ఉదయం 11:50

చివర్నుంచి మొదలెట్టడమా? నలభై ఏళ్ల సర్వీసులో ఇలాంటి సలహా వినలేదు.

(ఆలోచిస్తే తప్పు కనబడటం లేదు.)

జీడితోట – మూడు వారాల తర్వాత, గురువారం రాత్రి 9:30

ఆలస్యమైంది, మన్నించండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

వీరబొబ్బిలి రెండు సిట్టింగుల్లో అయిపోయింది. మొదటిరోజు నవ్వుకి మిషన్ అలారం మోగిందని సిస్టరు అన్నారు, నిజమో కాదో తెలీదు. మా ఇంటి కుక్కకి ఇప్పుడు "రాజుగోరు" అని కొత్త పేరు.

యుగంధర్ నవల విజయనగరం వెళ్లినప్పుడు ఒకటి దొరికింది, చివరి పేజీలతో సహా. సగంలోనే హంతకుణ్ణి చెప్పేశారు. తప్పు చెప్పారు. అది రచయిత తప్పేనని వాదన.

విశ్వరూపం నెమ్మదిగా నడుస్తోంది. రోజుకి నాలుగు పేజీలు, ఆ నాలుగు పేజీలూ అటూ ఇటూ మంచాలకి ఉపన్యాసం. ప్లూటో సంగతి చెబితే చాలా బాధపడ్డారు. "పాపం, ఏం సేసిందని తీసేసారు?" అన్నారు. పంతులు గారూ, దీనికి జవాబు మీరే ఇవ్వాలి.

కాశీయాత్ర నాకు బరువైంది, నేనే ఆపేశాను. మళ్లీ చూస్తాను.

చాసో కథలు పిన్ను కొట్టించి పట్టుకెళ్లాను. వాటిలో 'ఎందుకు పారేస్తాను నాన్నా' ఉంది. ఫీజు కట్టలేక బడి మానేసిన కుర్రాడి కథ. నేను ముందు చదవకుండా ఇచ్చాను. చదివి, మడిచి, దిండు కింద పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. బస్సులో మా ఊరి మలుపు దగ్గర "నా ఏడో తరగతి ఫీజెంతో తెలుసా నీకు?" అన్నారు. తెలీదన్నాను. ఆయన చెప్పలేదు. ఆ కథ ఇంకా దిండు కిందే ఉంది, ఇంటి దగ్గర దిండు కింద.

గంటస్తంభం మాస్టారూ, మీకో కబురు. కన్యాశుల్కం వికీసోర్స్‌లో ఉచితంగా దొరికింది. ఒక్క అంకం పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి నాలుగు కాపీలు పంచాను. ఇప్పుడు మధ్యాహ్నం బ్యాచ్‌లో నాన్న రామప్పపంతులు, పక్క మంచం ఆయన లుబ్ధావధాన్లు. పైకి చదువుతారు. అర్థం కానిచోట ఆగి తిట్టుకుంటారు, అది నాటకంలో ఉన్న తిట్టో కాదో నాకు తెలియడం లేదు.

గంటస్తంభం – గురువారం రాత్రి 9:41

గిరీశం ఎవరమ్మా?

జీడితోట – గురువారం రాత్రి 9:44

మిషన్ టెక్నీషియన్ కుర్రాడు, మాస్టారూ. బాగా కోతలు కోస్తాడు.

బొబ్బిలివీణ – గురువారం రాత్రి 9:46

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. ఒక్కో అంకం విడిగా మడిస్తే కన్యాశుల్కం కూడా ఒక్క చేత్తో పట్టుకోవచ్చు.

రాత్రిపాసింజర్ – గురువారం రాత్రి 9:52

యుగంధర్ రెండోది నేను పోస్టులో పంపిస్తాను. ఈసారి హంతకుణ్ణి కరెక్టుగా చెబితే మాస్టారు నాకు కాఫీ ఇప్పించాలి.

జీడితోట – శుక్రవారం ఉదయం 7:15

ఇంకొక్క సాయం. మూడో మంచం ఆయన ఇచ్ఛాపురం అవతల నుంచి వస్తారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, ఒడియా చదువుతారు. మనవాళ్లు నాటకం చదువుతుంటే వింటూ నవ్వుతారు. కాయితం అందిస్తే మాత్రం తల అడ్డంగా ఊపి వెనక్కిచ్చేస్తారు. ఒడియాలో చిన్న కథల పుస్తకం ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?

పొందూరుకోడలు – శుక్రవారం ఉదయం 7:40

శనివారం బరంపురం వెళ్తున్నాను, పెళ్లి బట్టలకి. చూసి తెస్తాను. ఆయనకి కళ్లద్దాలున్నాయా? ఏ చేతికి సూదులు?